ఆయాసం అన్న మాట అలసటగా వినిపిస్తే

నెల్లూరు జిల్లా నుంచి చెన్నై ఆసుపత్రిలో చేరిన ఒక పెద్దాయన రాత్రి పదకొండు గంటలకు నర్సును పిలిచి "ఆయాసంగా ఉందమ్మా" అన్నాడనుకుందాం. తెలుగువారికి ఆ మాట వినగానే ఊపిరి అందక ఎగబీలుస్తున్న మనిషి కళ్ల ముందు కనబడతాడు. తమిళంలోనూ ఆ మాట ఉంది. అక్కడ దాని అర్థం అలసట, బడలిక. తమిళం తప్ప మరో భాష రాని నర్సుకు అది బాగా తెలిసిన మాటలాగే వినిపిస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. తెలియని మాటైతే మళ్లీ అడుగుతారు, ఎవరినైనా పిలిచి అర్థం కనుక్కుంటారు. తెలిసిందే అనిపించిన మాటను మళ్లీ అడగరు. "కాసేపు పడుకోండి, తగ్గిపోతుంది" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతారు. నిజానికి ఊపిరి అందని మనిషిని పడుకోబెట్టకూడదు. తలవైపు మంచం ఎత్తి కూర్చోబెట్టాలి, శ్వాస లెక్కపెట్టాలి, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చూడాలి, డ్యూటీ డాక్టరును పిలవాలి.

చలి అన్న మాటకూ ఇదే గతి. తమిళంలో దానికి దగ్గరగా వినిపించే 'సళి' అంటే జలుబు, కఫం. శస్త్రచికిత్స నుంచి బయటికి వచ్చి వణుకుతూ "చలి, చలి" అంటున్న మనిషికి కావలసింది వెచ్చటి దుప్పటి, థర్మామీటరు, పక్కన నిలబడే ఒక మనిషి. ఆ మాట కఫంగా వినిపిస్తే ఆ మూడూ ఆలస్యమవుతాయి.

రోగి ఒత్తిడి, ఊరట అనే పాఠం నర్సింగ్ విద్యార్థులకు తొలి రోజుల్లోనే వస్తుంది. దాన్ని మంచితనానికి సంబంధించిన పాఠంగా చదివి దాటేసేవారు ఎక్కువ. చిరునవ్వుతో పలకరించడం, దిండు సర్దడం వరకే దాని పరిధి అనుకుంటారు. అది పొరపాటు. ఊరట కలిగించడం వైద్యంలో భాగమైన పని. దానికి కొలతలున్నాయి, క్రమం ఉంది, చేయకపోతే శరీరం మీద కనిపించే ఫలితాలున్నాయి. ఆ పనిలో సగానికి పైగా, రోగికి తన సంగతి తనకు తెలిసేలా చెప్పడమే. భాష మారిన ఊళ్లో ఈ విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి చెన్నైని ఉదాహరణగా తీసుకోవడం సబబు.

పెద్ద జబ్బు చేస్తే మద్రాసు వెళ్లడం నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు కుటుంబాలకు తరతరాల అలవాటు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి 1664లో సెయింట్ జార్జి కోటలో మొదలైంది. నర్సులకు శిక్షణ అక్కడ 1871లోనే ఆరంభమైంది. అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను ముత్తులక్ష్మి రెడ్డి 1954లో నెలకొల్పారు. గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీల్లో గది తీసుకుని, గ్యాస్ పొయ్యి మీద రోగికి జావ కాచుకునే తెలుగు కుటుంబాలు ఎప్పుడూ కనిపిస్తాయి. డాక్టరు మీద నమ్మకంతోనే అంత దూరం వస్తారు. వార్డులోకి అడుగుపెట్టాక మాత్రం రోజుకు రెండు మూడు సార్లు వచ్చిపోయే డాక్టరుతో కన్నా, ఇరవై నాలుగు గంటలూ వంతుల మీద ఉండే నర్సులతోనే రోగికి పని.

ఒత్తిడి శరీరంలో ఏం చేస్తుందో ముందు చూడాలి. ముప్పు ఎదురైనప్పుడు శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో వివరించారు. 1936లో హాన్స్ సెల్యే అనే మరో శాస్త్రవేత్త దాన్ని మరికొంత ముందుకు తీసుకువెళ్లి, ముప్పు ఏదైనా శరీరం మూడు దశల్లో స్పందిస్తుందని చెప్పారు. మొదట ఉలికిపాటు, తర్వాత తట్టుకోవడం, ఒత్తిడి వదలకపోతే చివరికి సత్తువ ఉడిగిపోవడం. అప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ అనే హార్మోన్ గుండెను పరుగెత్తిస్తుంది, రక్తపోటు పెంచుతుంది, అరచేతులకు చెమటలు పట్టిస్తుంది. కార్టిసాల్ అనే మరో హార్మోన్ రక్తంలో చక్కెర పెంచుతుంది, రోగనిరోధక శక్తిని నెమ్మదింపజేస్తుంది. ఆకలి చచ్చిపోతుంది, కడుపు కదలదు, నిద్ర పట్టదు. ఇంటి దగ్గర అదుపులో ఉన్న చక్కెర ఆసుపత్రిలో చేరగానే పెరగడానికి జబ్బుతో పాటు ఇదీ ఒక కారణమే. మెట్లెక్కి వచ్చి, బిల్లు కౌంటరు దగ్గర అరగంట నిలబడి, మంచం ఎక్కిన వెంటనే తీసిన రక్తపోటు అంకెను నమ్మకూడదు. కనీసం 5 నిమిషాలు ఊరకే కూర్చోబెట్టి, మాట్లాడించకుండా తీయాలన్నది అందుకే.

గాయం మానడం మీద ఒత్తిడి ప్రభావం గురించి 1995లో వచ్చిన ఒక అధ్యయనం తరచూ ప్రస్తావనకు వస్తుంది. మతిమరుపు జబ్బున్న బంధువులకు సేవ చేస్తున్న స్త్రీలకూ, అదే వయసులో ఉండి అలాంటి భారం లేని స్త్రీలకూ చేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, మానడానికి ఎన్ని రోజులు పడుతుందో జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం గమనించింది. భారం లేనివారికి సగటున 39.3 రోజులు పట్టింది, సేవ చేస్తున్నవారికి 48.7 రోజులు. ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు. ఆ స్త్రీలు రోగులు కారు, రోగి పక్కన ఉన్నవారు. వార్డు బయట వరండాలో దుప్పటి పరుచుకుని పడుకునే భార్య, కొడుకు, కోడలి గురించి కూడా ఈ అంకెలు మాట్లాడుతున్నాయి.

అయితే ఒకే సూది ఒకరికి చీమ కుట్టినట్టుంటే, మరొకరికి ప్రాణం మీదికి వచ్చినట్టు ఎందుకుంటుంది? మనస్తత్వ శాస్త్రవేత్తలు రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ 1984లో ఇచ్చిన వివరణ నర్సింగ్‌కు బాగా పనికివచ్చింది. ఏదైనా ఎదురైనప్పుడు మనిషి లోలోపల రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. దీనివల్ల నాకు ముప్పు ఉందా? ఉంటే, తట్టుకునే దారి నా దగ్గర ఉందా? ఈ రెంటికీ వచ్చే జవాబును బట్టి ఒత్తిడి పెరగడమో తగ్గడమో ఉంటుంది. ఏం జరగబోతోందో తెలియని మనిషి మొదటి ప్రశ్నకు అవుననీ, రెండో ప్రశ్నకు లేదనీ జవాబు చెప్పుకుంటాడు. చుట్టూ తనకు రాని భాష మాట్లాడుతుంటే వేరే జవాబు దొరికే అవకాశమే లేదు. ఇద్దరు డాక్టర్లు కేస్ షీటు చూస్తూ తమిళంలో మామూలుగా మాట్లాడుకున్నా, మధ్యలో ఒకరు తల అడ్డంగా ఊపితే మంచం మీది మనిషి గుండె జారిపోతుంది.

ఆసుపత్రిలో ఏయే సంగతులు మనుషుల్ని ఎంతగా కలవరపెడతాయో కొలవడానికి 1975లో వోలిసర్, బొహానన్ అనే పరిశోధకులు 49 సందర్భాలతో ఒక కొలమానం తయారుచేశారు. చూపు పోతుందేమో అన్న ఆలోచన అందులో అన్నిటికన్నా బరువైనది. కొత్త మనుషులున్న గదిలో నిద్రపోవడం అన్నిటికన్నా తేలికైనది. ఈ రెంటికీ మధ్య ఉన్నవి చదివితే ఆసుపత్రిలో ఒక్క రాత్రి గడిపినవారికైనా గుర్తుకు వస్తాయి. గంట నొక్కినా ఎవరూ రాకపోవడం, అడిగినదానికి జవాబు రాకపోవడం, ఆసుపత్రి గౌను వేసుకోవడం, స్నానానికి మరొకరి మీద ఆధారపడటం. డాక్టర్లూ నర్సులూ మరీ వేగంగా, అర్థం కాని మాటల్లో మాట్లాడటం కూడా ఆ జాబితాలో ఉంది. ఒకే భాష మాట్లాడేవారి మధ్యనే అది ఒత్తిడి అని తేలింది. భాషే వేరైన చోట దాని బరువు ఎంతో ఊహించుకోవచ్చు.

చెప్పడం అంటే ఏం చెప్పాలన్న దాని మీద కూడా పని జరిగింది. 1970లలో జీన్ జాన్సన్ అనే నర్సింగ్ పరిశోధకురాలు, ఎముక విరిగి పిండికట్టు వేయించుకున్న పిల్లలతో ఒక అధ్యయనం చేశారు. కట్టు కోసే ముందు కొందరు పిల్లలకు రంపం శబ్దం వినిపించి, చర్మానికి ఏమనిపిస్తుందో, కట్టు తీశాక చర్మం ఎలా కనిపిస్తుందో చెప్పారు. అలా విన్న పిల్లలు తక్కువగా కలవరపడ్డారు. "ఏం కాదు, భయపడకు" అనడంలో సమాచారం లేదు. శరీరానికి ఏం తెలియబోతోందో చెప్పడంలో ఉంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఊరట కలిగించే పనికి ఇదే కీలకం.

ఆ పెద్దాయనకే సెలైన్ ఎక్కించడానికి చేతికి క్యాన్యులా పెట్టే సందర్భం చూద్దాం. తెలుగు వచ్చిన నర్సు మంచం పక్కన కూర్చుని, కళ్లు కలిపి చెప్పే తీరు ఇలా ఉంటుంది: "పెద్దయ్యా, ఇప్పుడు చేతికి సన్న గొట్టం పెడతాను. ముందు ఈ పట్టీ బిగిస్తే చెయ్యి బిగుసుకున్నట్టుంటుంది. స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది. సూది గుచ్చేటప్పుడు చురుక్కుమంటుంది, పది లెక్కపెట్టేలోగా అయిపోతుంది. తర్వాత సూది బయటికి తీసేస్తాను, లోపల ఉండేది మెత్తటి గొట్టమే. చెయ్యి కదపవచ్చు. ఏ చేతికి పెట్టమంటారు?" చివరి ప్రశ్న చిన్నదేమీ కాదు. ఉదయం నుంచీ ఎప్పుడు తినాలో, ఎప్పుడు లేవాలో, ఏం కట్టుకోవాలో ఇతరులే తేల్చిన మనిషికి ఆ రోజు మొదటిసారి ఒక నిర్ణయం దక్కింది. అన్నం తినే చెయ్యి వదిలేయమని ఆయన ఎడమ చెయ్యి చాపుతాడు. ఇంత చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. చెప్పకుండా పట్టీ బిగిస్తే చెయ్యి వెనక్కి లాక్కోవడం, భయానికి నరాలు ముడుచుకుపోవడం, రెండోసారి గుచ్చడం తప్పవు. అప్పుడు పట్టే సమయమే ఎక్కువ.

అయితే అన్ని వేళలా ఇంత వివరంగా చెప్పడం కూడా తప్పే. మానసిక నర్సింగ్‌కు పునాది వేసిన హిల్డెగార్డ్ పెప్లా ఆందోళనను నాలుగు మెట్లుగా విడదీశారు: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం, పూర్తిగా అదుపు తప్పడం. స్వల్పంగా ఉన్నప్పుడు మనిషి ఇంకా చురుగ్గా ప్రశ్నలు వేస్తాడు, నేర్చుకుంటాడు. మెట్టు పెరిగేకొద్దీ చూపు, వినికిడి కుంచించుకుపోతాయి. తీవ్రమైన ఆందోళనలో ఉన్న మనిషికి మందుల వివరాలు చెప్పడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. అప్పుడు చిన్న చిన్న మాటలు చాలు. "నేనిక్కడే ఉన్నాను. నాతో పాటు ఊపిరి వదలండి. మెల్లగా." పాఠం తర్వాత చెప్పవచ్చు.

ఈ మెట్లను గుర్తించడానికి తెలుగులో మంచి మాటలున్నాయి. భయానికి ఒక కారణం ఉంటుంది, "ఆపరేషన్ అంటే భయం" అని వేలెత్తి చూపించవచ్చు. కంగారు కాళ్లూ చేతుల్లో కనిపిస్తుంది. గాబరా గుండె దడలో వినిపిస్తుంది. దిగులు మాట పెగలనివ్వదు. బెంగ వేరు, అది ఎవరి మీదో పెట్టుకునేది. ఊళ్లో వదిలి వచ్చిన మనవడి మీద, పాలిచ్చే గేదె మీద కూడా బెంగ పెట్టుకుంటారు. బెంగకు నిద్రమాత్ర ఇవ్వడం కన్నా ఊరికి ఒక ఫోను కలిపి ఇవ్వడం మేలైన చికిత్స. ఏదీ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్న రోగిని "చాలా ఓపికమంతుడు, ఇబ్బంది పెట్టడు" అని మెచ్చుకోవడం వార్డుల్లో మామూలే. ఆ మౌనం దిగులా, నొప్పా, నోరు తెరిస్తే ఎవరికీ అర్థం కాదన్న నిస్పృహా అని అడిగి తెలుసుకోవాలి.

నొప్పి సంగతీ అంతే. సున్నా నుంచి పది వరకు ఎంత అని అడిగితే పల్లెటూరి పెద్దవారు చాలామంది అంకె చెప్పరు. "పర్వాలేదమ్మా" అనో, "చెప్పలేను" అనో అంటారు. అదే మనిషి తనంతట తాను "పావలా వంతు తగ్గింది" అంటాడు. రూపాయిలో ఎంత నొప్పి ఉంది, ఎంత తగ్గింది అని అడిగితే అర్ధరూపాయి, ముప్పావలా అని తడుముకోకుండా చెప్పగలడు. కొలమానం రోగి చేతిలో ఇమిడేలా ఉండాలి. నొప్పి ఎలాంటిదో చెప్పే మాటలు తెలుగులో ఇంకా ఎన్నో ఉన్నాయి. పోటు, సలుపు, మంట, నులినొప్పి, పీకడం, గుంజడం, తిమ్మిరి. పుండులో చీము పడుతున్నప్పుడు సలుపు. చక్కెర జబ్బుతో నరాలు దెబ్బతింటే అరికాళ్లలో మంట. పేగులు మెలిపెడితే నులినొప్పి. ఈ మాటలన్నిటినీ కలిపి కేస్ షీటులో 'నొప్పి' అని ఒకే ముక్క రాస్తే, రోగి ఇచ్చిన ఆధారాలన్నీ పారేసినట్టే. నొప్పికి భయం, భయానికి కండరాల బిగువు, ఆ బిగువుకు మళ్లీ నొప్పి. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. నొప్పి ముదిరి అరిచే దాకా ఆగకుండా మాత్ర వేళకు అందించడం, ఆ మాత్ర పని చేయడానికి ఎంతసేపు పడుతుందో చెప్పడం, ఈలోగా కుట్ల వైపు బరువు పడకుండా దిండు అమర్చడం నర్సు చేతిలో ఉన్నవే.

ఊరట అనే మాటకు పద్ధతైన రూపం ఇచ్చినవారు నర్సింగ్ పరిశోధకురాలు కేథరీన్ కోల్కబా. 1990లలో ఆమె ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం ఊరట మూడు రకాలు. ఉన్న బాధ తీరడం ఒకటి, నెమ్మదిగా నిశ్చింతగా ఉండటం రెండోది, బాధ పూర్తిగా పోకపోయినా దాని మీదికి లేచి నిలబడగలగడం మూడోది. వీటిని శరీరం, మనసు-విశ్వాసం, పరిసరాలు, బంధుత్వాలు-ఆచారాలు అనే నాలుగు వైపుల నుంచి చూడాలంటారామె. శాస్త్రం పొడిగా అనిపిస్తే ఒక్క ఉదాహరణ చాలు. ఆపరేషన్ గదికి తీసుకువెళ్లే ముందు ఒంటి మీది లోహపు వస్తువులన్నీ తీసేయాలి. రక్తనాళాలను మూయడానికి వాడే విద్యుత్ పరికరం వల్ల లోహం ఉన్నచోట చర్మం కాలవచ్చు. కారణం సరైనదే. కానీ "తాళి తీసేయండి" అని ద్వారం దగ్గర హడావిడిగా ఆదేశించినప్పుడు ఒక తెలుగు స్త్రీ మనసులో మెదిలేది అపశకునం. ముందురోజు సాయంత్రమే కారణం వివరించి, పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు మెడలో ఉంచుకోవచ్చని చెప్పి, మంగళసూత్రాలను ఆమె చేతులతోనే భర్తకో అత్తగారికో ఇప్పించే నర్సు నియమాన్ని ఏమాత్రం సడలించలేదు. నాడి వేగం మాత్రం తగ్గించింది.

పరిసరాల గురించి చెప్పాలంటే ముందు చప్పుడు. వార్డు గదుల్లో రాత్రిపూట సగటు శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. మామూలు సంభాషణే 60 దగ్గర ఉంటుంది. ఆసుపత్రి చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని మన దేశంలో 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. బయట హారన్లను వార్డు నర్సు ఆపలేకపోవచ్చు. స్టీలు ట్రే కింద గుడ్డ పరచడం, కీచుమనే ట్రాలీ చక్రానికి నూనె వేయించడం, రాత్రి ఒంటిగంటకు ఇంజెక్షన్, రెండింటికి రక్తపోటు, మూడింటికి సెలైన్ అని మూడుసార్లు లేపకుండా వీలైనవన్నీ ఒకేసారి ముగించడం మాత్రం చేయగలదు. కిటికీ సంగతి కూడా చిన్నది కాదు. పిత్తాశయం తీయించుకున్న 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించి 1984లో ప్రచురించారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ కనిపించినవారి కన్నా త్వరగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు.

దాహం గురించి ఎవరూ పట్టించుకోరు. ఆపరేషన్ రేపంటే ముందురోజు అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివ్వకపోవడం పాత అలవాటు. ఇతర సమస్యలు లేని పెద్దవారు మత్తు ఇవ్వడానికి 2 గంటల ముందు వరకు మంచినీళ్లు తాగవచ్చని, తేలికపాటి ఆహారానికి 6 గంటల విరామం చాలని మత్తు వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడితే డాక్టరును అడిగి నాలుగు గుక్కలు నీళ్లు ఇప్పించే నర్సు, చెన్నై ఎండల్లో నాలుక పిడచకట్టిన రోగికి దేవతలా కనిపిస్తుంది. అడగడానికి గుర్తుండాలి, అంతే.

ఇక అన్నిటికన్నా చిక్కుముడి గుసగుసలది. రోగికి వినబడేంత దగ్గరలో, అర్థం కానంత మెల్లగా మాట్లాడటం క్రూరమని ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లోనే హెచ్చరించారు. మన కుటుంబాల్లో అది ప్రేమ పేరుతో జరుగుతుంది. "నాన్నకు క్యాన్సర్ అని చెప్పకండి సిస్టర్, తట్టుకోలేరు" అని కొడుకు తలుపు బయట బతిమాలుతాడు. లోపల తండ్రి ఆ గొణుగుడు వింటూ, దాన్ని ఉన్నదానికన్నా భయంకరంగా ఊహించుకుంటూ ఉంటాడు. కొన్నాళ్లకు ఆయనే నర్సును "నాకేమైందో నిజం చెప్పమ్మా" అని అడుగుతాడు. నర్సు అబద్ధం చెప్పకూడదు. డాక్టరును దాటి జబ్బు పేరు ప్రకటించడమూ ఆమె పని కాదు. "మీరు ఏమనుకుంటున్నారు? ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని అడిగి, ఆ జవాబును డాక్టరుకూ కుటుంబానికీ చేరవేయడం ఆమె చేయగలిగిన, చేయవలసిన పని. దాచడమే రక్షణ అనుకునే కొడుకు మీద కోపగించుకోవలసిన అవసరం లేదు. అతడూ భయంలోనే ఉన్నాడు.

ఇదంతా జరగాలంటే నర్సుకు తీరిక ఉండాలి. ఒక్కరే వార్డంతా చూసుకునే రాత్రి డ్యూటీలో పక్కన కూర్చుని మాట్లాడమనడం అన్యాయం. సిబ్బందిని పెంచకుండా ఓర్పు గురించి ఉపన్యాసాలు ఇచ్చే యాజమాన్యాలు ఈ పాఠాన్ని మొదట తామే చదవాలి. భాష విషయంలో మాత్రం పెద్ద ఖర్చు అక్కర్లేదు. ప్రతి షిఫ్టులో తెలుగు వచ్చినవారు ఎవరో గుర్తించి ఉంచుకోవడం, ఆయాసం, చలి, మంట, సలుపు వంటి ముప్పై నలభై మాటలు అర్థంతో తమిళ లిపిలో రాసి నర్సుల బల్ల దగ్గర పెట్టడం ఒక మధ్యాహ్నంలో అయ్యే పని. తమిళం వచ్చిందని రోగి వెంట వచ్చిన బడిపిల్లాడిని దుబాసీగా నిలబెట్టడం మాత్రం మానాలి. తాత జబ్బు వివరాలు మోయగల వయసు కాదు అది.

డిశ్చార్జి రోజు మరో ఒత్తిడి మొదలవుతుంది. బెల్లు కొడితే వచ్చే మనిషి రేపటి నుంచి ఉండదు. కాగితంలో ఉన్నదంతా ఒక్క గుక్కలో చదివి "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. అందుకే రోగి చేతనే తిరిగి చెప్పించుకోవడం నర్సింగ్‌లో ఒక పద్ధతి. నెల్లూరు రైలుకు ఇంకా మూడు గంటలుండగా, చక్రాల కుర్చీ రాకముందు, నర్సు ఆ పెద్దాయనను అడుగుతుంది: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్లాక ఏం చేస్తారో నాకు చెప్పండి పెద్దయ్యా."

ఆయన వేళ్లు మడుస్తూ చెబుతాడు. పొద్దున టిఫిన్ తిన్నాక ఈ తెల్ల మాత్ర, రాత్రి అన్నం తిన్నాక పసుపు మాత్ర. కుట్లు తడపకూడదు. ఎర్రబడినా, చీము కనబడినా ఈ నంబరుకు ఫోను చేయాలి.

"చలి వస్తే?"

"దుప్పటి కప్పుకుని పడుకుంటానమ్మా."

"కాదు. జ్వరం చూసుకుని, వెంటనే మాకు ఫోను చేయాలి."

ఆయన నాలుగో వేలు మడిచి, మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెడతాడు.